మసెరాటి ఇన్నిసార్లు చేతులు మారడానికి అసలు కారణం ఏమిటి?

ప్రశ్న: వాహనచరిత్ర

సభ్యులందరికీ నమస్కారం. ఇటలీ స్పోర్ట్స్ కార్ల గురించి మన భాషలో వచ్చే రాతల్లో ఫెరారీ, లాంబోర్గినీల ప్రస్తావనే ఎక్కువగా కనిపిస్తుంది. వాటికన్నా ఎంతో ముందు పుట్టిన మసెరాటిని మాత్రం త్రిశూలం గుర్తు గురించి ఒక వాక్యం రాసి దాటేస్తారు. అందుకే కొంతకాలంగా ఆ సంస్థ చరిత్రను పట్టుబట్టి చదువుతున్నాను.

చదివే కొద్దీ ఒక చిక్కు ఎదురవుతోంది. 1914లో బొలోన్యాలో మొదలైన ఈ సంస్థ 1939, 1940 సంవత్సరాల్లో వరుసగా అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెం గెలిచింది. 1957లో హువాన్ మాన్యువల్ ఫాంజియో తన అయిదవ ప్రపంచ విజేత బిరుదును ఈ సంస్థ కారులోనే అందుకున్నాడు. ఇంత ఘనత ఉన్న సంస్థ 1937లో ఓర్సి కుటుంబానికి, 1968లో ఫ్రాన్సుకు చెందిన సిత్రోయెన్‌కు, 1975లో కార్ల వ్యాపారి దె తొమాసోకు, 1993లో ఫియట్‌కు వెళ్లింది. 1957లో బిరుదు గెలిచేనాటికి స్థాపించిన అన్నదమ్ములు అక్కడ లేరు సరే, బిరుదు గెలిచిన మరుసటి ఏడాదే సంస్థ అప్పులవాళ్ల ముందు నిలబడవలసి వచ్చింది. పక్కనే ఉన్న ఫెరారీకి రాని కష్టం దీనికి ఎందుకు వచ్చింది? పందేల మీద చేసిన ఖర్చే ముంచిందని చాలాచోట్ల రాస్తున్నారు. అది నిజమేనా, లేక దాని వెనుక ఇంకేమైనా ఉందా? తెలిసిన పెద్దలు కాస్త వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం: మోదెనా బాట

నమస్కారం వాహనచరిత్ర గారూ. నాకు ఎంతో ఇష్టమైన విషయం అడిగారు కనుక కొంచెం పొడవుగానే రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మొదటి 33 ఏళ్లు ఈ సంస్థ దగ్గర మామూలు ధనవంతుడు కొని రోడ్డు మీద నడుపుకోదగిన కారు ఒక్కటి కూడా లేదు. తరువాత జరిగిన అమ్మకాలన్నిటికీ వేరు అక్కడే ఉంది.

మసెరాటి సోదరుల తండ్రి రొడాల్ఫో రైల్వే ఉద్యోగి. పెరిగి పెద్దవారైన కొడుకుల్లో మారియో చిత్రకారుడు. కార్లో, బిందో, అల్ఫియేరి, ఎత్తోరే, ఎర్నెస్తో ఐదుగురూ యంత్రాలతోనే బతికినవారు. అందరికన్నా ముందు ఈ రంగంలోకి దిగిన కార్లో 1910లోనే మరణించాడు. మిలాన్‌లోని ఇసొత్తా ఫ్రాస్కీనీ సంస్థలో పని నేర్చుకున్న అల్ఫియేరి 1914 డిసెంబరు 1న బొలోన్యాలో సొంత వర్క్‌షాప్ తెరిచాడు. కొన్ని నెలలకే ఇటలీ మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. ఆ యుద్ధకాలంలో సోదరులకు చేతికి అందిన ఆధారం కార్లు కాదు, స్పార్క్ ప్లగ్గులు. తరువాత చాలాకాలం కుటుంబాన్ని నిలబెట్టినవాటిలో ఆ ప్లగ్గుల వ్యాపారం ఒకటి.

మసెరాటి పేరుతో వచ్చిన మొదటి కారు కూడా ఒక విధంగా మరొకరి కోసం మొదలైనదే. ట్యూరిన్‌కు చెందిన దియాత్తో సంస్థ కోసం అల్ఫియేరి ఒక పందెపు కారు తయారుచేస్తుండగా, ఆ సంస్థ డబ్బులేక పందేల నుంచి తప్పుకుంది. సోదరులు ఆ పనిని తమ చేతిలోకి తీసుకుని, ఎనిమిది సిలిండర్ల ఒకటిన్నర లీటరు ఇంజనుకు, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే సూపర్‌చార్జర్ జోడించి, 1926లో టిపో 26 పేరుతో బయటికి తెచ్చారు. ఆ ఏడాది సిసిలీలో జరిగిన టార్గా ఫ్లోరియో పందెంలో అల్ఫియేరి స్వయంగా నడిపి తన తరగతిలో గెలిచాడు. పక్క సీటులో మెకానిక్‌గా కూర్చున్న గ్వెరీనో బెర్టోక్కి ఆ తరువాత దశాబ్దాలపాటు ఆ సంస్థలో తయారైన కార్లను పరీక్షిస్తూ గడిపాడు. ఆ కారు ముందుభాగాన ఉన్న త్రిశూలం మారియో గీసినది. బొలోన్యా నగరం నడిబొడ్డున ఉన్న నెప్ట్యూన్ ఫౌంటెన్‌లోని విగ్రహం చేతిలో ఉన్నది అదే.

ఆ రోజుల్లో వీరి వ్యాపారం ఎలా నడిచిందో గమనించండి. పందెపు కారు చేసి, దానితో గెలిచి, ఆ గెలుపు చూసి వచ్చిన ప్రైవేటు డ్రైవర్లకు అటువంటి కార్లనే అమ్మేవారు. కొనేవారు ఏడాదికి కొద్దిమందే ఉంటారు. 1929లో బొర్జాకీని అనే డ్రైవరు 16 సిలిండర్ల మసెరాటితో క్రెమోనా దగ్గర 10 కిలోమీటర్ల దూరాన్ని గంటకు సగటున 246 కిలోమీటర్ల వేగంతో దాటి రికార్డు నెలకొల్పాడు. అంతటి ఘనకార్యం కూడా ఖజానాలోకి పెద్దగా డబ్బు తేలేదు. 1932 మార్చిలో శస్త్రచికిత్స సమయంలో అల్ఫియేరి చనిపోయాడు. ఆయన వయసు అప్పటికి 44 ఏళ్లే. ఇసొత్తా ఫ్రాస్కీనీలో ఉన్న బిందో వచ్చి బాధ్యత తీసుకున్నాడు. 1933లో ఇటలీ డ్రైవరు నువొలారి మసెరాటి కారుతో బెల్జియం గ్రాండ్ ప్రీ గెలిచాడు. మరుసటి ఏడాది నుంచి జర్మన్ ప్రభుత్వ సాయంతో మెర్సిడెస్, ఆటో యూనియన్ సంస్థలు రంగంలోకి దిగేసరికి, నలుగురు చేతులు కలిపి నడుపుకునే వర్క్‌షాప్ వాటికి ఎదురునిలిచే దారి మూసుకుపోయింది.

1937లో అడోల్ఫో ఓర్సి కొన్నది పందెపు కార్ల వర్క్‌షాప్ ఒక్కదాన్నే కాదు, స్పార్క్ ప్లగ్గుల సంస్థను కూడా కలిపి కొన్నాడు. మోదెనాలో పాత ఇనుము వ్యాపారంతో ఎదిగి, ఉక్కు కర్మాగారాలు, వ్యవసాయ యంత్రాల తయారీ వరకు విస్తరించిన పారిశ్రామికవేత్త ఆయన. పదేళ్లపాటు సోదరులు సాంకేతిక సలహాదారులుగా ఉండాలన్నది ఒప్పందం. కర్మాగారం బొలోన్యా నుంచి మోదెనాలోని వియాలే చీరో మెనోత్తికి మారింది. ఇండియానాపొలిస్‌లో విల్బర్ షా గెలిచిన రెండు పందేలూ ఓర్సి హయాంలోనివే, కాని ఆ కారు మాత్రం సోదరుల చేతిలో రూపుదిద్దుకున్నది. పదేళ్ల ఒప్పందం ముగియగానే 1947లో ఎర్నెస్తో, ఎత్తోరే, బిందో బొలోన్యాకు తిరిగి వెళ్లి, ఓస్కా పేరుతో మళ్లీ చిన్న పందెపు కార్లు చేసుకున్నారు. వారికి కావలసింది అదే. తమ ఇంటిపేరును కూడా వదులుకుని ఆ పనిని ఎంచుకున్న మనుషుల పట్ల నాకు చెప్పలేనంత గౌరవం ఉంది.

ఫెరారీతో పోలిక గురించి అడిగారు. మసెరాటి మొదటి రోడ్డు కారు ఎ6 1500 జెనీవా ప్రదర్శనలో కనిపించింది 1947లో. ఫెరారీ పేరుతో మొదటి కారు బయటికి వచ్చినదీ 1947లోనే. వయసులో పెద్దదే అయినా, రోడ్డు కార్ల విషయంలో మసెరాటి ఫెరారీతోపాటు అదే ఏడాది బడిలో చేరింది. అయితే ఎంజో ఫెరారీ, పందేల ఖర్చు రాబట్టుకోవడానికి రోడ్డు కార్లు అమ్మాలని మొదట్లోనే గ్రహించి ఆ దారిలో నడిచాడు. మసెరాటిలో ఆ గ్రహింపు నిజమైన రూపం దాల్చడానికి మరో పదేళ్లు పట్టింది. అంతమాత్రాన ఫెరారీ అమ్ముడుపోలేదనుకోకండి. 1969లో దానిలో సగం వాటా ఫియట్‌కు వెళ్లింది. పందేల విభాగంపై పెత్తనం మాత్రం ఎంజో తన చేతిలోనే ఉంచుకోగలిగాడు. మసెరాటిని అమ్మినప్పుడల్లా పోయింది ఆ పెత్తనమే.

ఇక 1957. ఆ ఏడాదిని పూర్తిగా చెప్పకుండా ఈ సంస్థ గురించి చెప్పినట్టు కాదు. మార్చిలో జెనీవాలో 3500 జీటీ అనే రోడ్డు కారును ప్రదర్శించారు. ఆగస్టు 4న నూర్‌బుర్గ్‌రింగ్‌లో జర్మన్ గ్రాండ్ ప్రీ జరిగింది. చుట్టుకు 22.8 కిలోమీటర్లు, మొత్తం 22 చుట్లు. ఫాంజియో తన 250ఎఫ్ కారులో సగం ట్యాంకు ఇంధనంతో బయలుదేరి, తేలికైన కారుతో ముందుకు దూసుకుపోయి, మధ్యలో ఒకసారి ఆగి ఇంధనం, టైర్లు మార్చుకోవాలన్నది పథకం. ఆగినప్పుడు అనుకున్నదానికన్నా ఎక్కువ సమయం పట్టింది. బయటికి వచ్చేసరికి హాథార్న్, కాలిన్స్ నడుపుతున్న రెండు ఫెరారీలు ముప్పావు నిమిషానికి పైగా ముందున్నాయి. అక్కడి నుంచి చుట్టు చుట్టుకూ తన రికార్డును తానే తిరగరాస్తూ, అర్హత పరీక్షలో తాను సాధించిన అత్యుత్తమ సమయం కన్నా ఎనిమిది సెకన్లు వేగంగా ఒక చుట్టు పూర్తిచేసి, చివరి చుట్టుకు ముందు చుట్టులో ఆ ఇద్దరినీ దాటి గెలిచాడు. అప్పటికి ఆయన వయసు 46. అది ఆయన 24వ గ్రాండ్ ప్రీ విజయం, చివరిది కూడా.

మూడు నెలలు తిరగకముందే నవంబరు 3న వెనెజువెలాలోని కారకాస్‌లో స్పోర్ట్స్ కార్ల ప్రపంచ పోటీలో చివరి పందెం జరిగింది. ఫెరారీని దాటి ఆ బిరుదు కూడా గెలవాలని మసెరాటి పెద్ద పటాలంతో వెళ్లింది. అక్కడ మసెరాటి జట్టు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ కారు మరో పోటీదారు కారును గుద్దుకుంది. మరో కారు ఇంధనం నింపుతుండగా అంటుకుంది. మిగిలిన రెండు మసెరాటిలు ఒకదానినొకటి ఢీకొన్నాయి. బిరుదు ఫెరారీకి వెళ్లింది. ఆ ఏడాది చివరికి ఓర్సి కర్మాగారపు పందెపు జట్టును రద్దు చేశాడు. మరుసటి ఏడాది సంస్థ అప్పుల చెల్లింపు న్యాయస్థానం పర్యవేక్షణలోకి వెళ్లింది.

సమాధానం: లెక్కల పుస్తకం

మోదెనా బాట గారి సమాధానం అమూల్యం. చాలావరకు ఏకీభవిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. 1957 చివర కారకాస్‌ను చెప్పి, వెంటనే అప్పుల సంగతి చెబితే, ఆ నాలుగు కార్ల నష్టమే సంస్థను ముంచిందన్న భావన పాఠకుడికి కలుగుతుంది. అసలు దెబ్బ అర్జెంటీనాలో తగిలింది. ఓర్సి సంస్థ పందెపు కార్లతోపాటు కర్మాగారాల్లో వాడే మెషీన్ టూల్స్ కూడా తయారుచేసేది. పెరోన్ ప్రభుత్వ కాలంలో వాటిని అర్జెంటీనాకు పెద్ద ఎత్తున అమ్మారు. 1955లో పెరోన్ పదవి కోల్పోయాక ఆ బాకీ వసూలు కావడం గగనమైంది. పందేల ఖర్చు లేకపోయినా ఆ బాకీ సంస్థను కుంగదీసేదే. కనుక “పందేలే ముంచాయి” అన్న మాట సగం నిజం కూడా కాదన్నది నా నిశ్చితాభిప్రాయం.

సంస్థను గట్టెక్కించిన కారు గురించి మోదెనా బాట గారు ఒక్క వాక్యంతో ఆపారు. దాని గురించి కొంత చెప్పాలి. 3500 జీటీ రూపశిల్పి ఇంజనీరు జూలియో అల్ఫియేరి. (అల్ఫియేరి అన్నది ఈయనకు ఇంటిపేరు. సంస్థ స్థాపకుడితో బంధుత్వం ఏమీ లేదు.) పందెపు కారు ఇంజను నుంచి పుట్టిన మూడున్నర లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనును మృదువుగా, మన్నికగా నడిచేలా మలిచాడు. అన్నీ ఇంట్లోనే చేయాలన్న పట్టుదలకు పోకుండా, గేరుబాక్సు జర్మనీ నుంచి, బ్రేకులు ఇంగ్లండ్ నుంచి తెప్పించాడు. బాడీని మిలాన్‌లోని టూరింగ్ సంస్థ తేలికైన అల్యూమినియంతో చేసింది. 1961లో వచ్చిన రూపంలో, ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్ల బదులు దాన్ని ఒత్తిడితో చిమ్మే లూకాస్ ఫ్యూయల్ ఇంజెక్షన్ అమర్చారు. అమ్మకానికి వచ్చిన ఇటాలియన్ కార్లలో అటువంటి ఏర్పాటు ఉన్నది అదే మొదటిది. 1964 వరకు ఈ శ్రేణిలో రెండు వేలకు పైగా కార్లు తయారయ్యాయి. అంతకుముందు పదేళ్లలో చేసిన రోడ్డు కార్లన్నీ కలిపినా దాని దరిదాపులకు రావు. అప్పులు తీరింది వీటి వల్లే. గెలిచిన పందేలు మనసును కదిలిస్తాయి కాని, ఈ కారు గురించి గోడమీద బొమ్మ పెట్టుకునేవారు తక్కువ. అది అన్యాయమనే నేను అంటాను.

ఆ తరువాతి దశాబ్దం సంస్థకు అత్యంత ప్రశాంతమైన కాలం. ఇరాన్ షా కోసం మొదలైన 5000 జీటీ, 1963లో నాలుగు తలుపుల క్వాత్రోపోర్తె, 1966లో జుజారో రూపొందించిన గిబ్లీ ఆ కాలానివే. పందేలు కూడా పూర్తిగా ఆగలేదు. సుమారు రెండువందల సన్నని గొట్టాలను అతికి చేసిన ఛాసిస్ వల్ల “పక్షిపంజరం” అని పేరుపడిన టిపో 61 కారును ఇతర జట్లకు అమ్మి, నడిపించే ఖర్చు వారికే వదిలేశారు. ఆ కారు 1960, 1961 సంవత్సరాల్లో నూర్‌బుర్గ్‌రింగ్ వెయ్యి కిలోమీటర్ల పందెం గెలిచింది.

1968లో ఓర్సి కుటుంబం సిత్రోయెన్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. ఈ అమ్మకం ఓటమితో జరిగినది కాదు. సిత్రోయెన్ తన కొత్త పెద్ద కారుకు శక్తిమంతమైన ఇంజను కోసం వెతుకుతోంది. ఫ్రాన్సులో పెద్ద ఇంజన్ల మీద భారీ పన్ను ఉండటంతో, 2.7 లీటర్లలోపు ఇమిడే వీ6 ఇంజనును జూలియో అల్ఫియేరి తయారుచేసి ఇచ్చాడు. 1970లో వచ్చిన సిత్రోయెన్ ఎస్ఎం కారులో ఉన్నది అదే ఇంజను. సుమారు 13 వేల ఎస్ఎం కార్లు తయారుకావడంతో మసెరాటి కర్మాగారం ఎన్నడూ చూడనన్ని ఇంజన్లు చేసింది. బదులుగా బోరా, కామ్సిన్ వంటి మసెరాటి కార్లకు సిత్రోయెన్ హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. ఇరువురికీ లాభమైన కలయికే అది. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చేసరికి పెద్ద ఇంజన్ల కార్లు కొనేవారు మాయమయ్యారు. సిత్రోయెన్ తానే చితికిపోయి ప్యూజో చేతికి వెళుతోంది. 1975 మే 23న మసెరాటిని మూసివేస్తున్నట్టు ప్రకటన వచ్చింది.

వాహనచరిత్ర (ప్రశ్న అడిగినవారు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. అర్జెంటీనా బాకీ సంగతి నాకు పూర్తిగా కొత్త. దీనితో నా ఆలోచన చాలా మారింది. ఇప్పుడు దె తొమాసో కాలం గురించి అడగాలని ఉంది. 1981లో వచ్చిన బైటర్బో కారును సంస్థ ప్రతిష్ఠను దిగజార్చిన కారుగా కొందరు, సంస్థను బతికించిన కారుగా కొందరు వర్ణిస్తున్నారు. రెండూ ఒకే కారు విషయంలో ఎలా నిజమవుతాయి? అది ఎందుకు అన్ని ఇబ్బందులు పెట్టిందో సాంకేతికంగా ఎవరైనా వివరిస్తారా?

సమాధానం: యంత్రవిద్య

నమస్కారం. టర్బో ఇంజన్లు నా వృత్తికి దగ్గర కనుక ఈ భాగం నేను చెబుతాను.

మూసివేత ప్రకటన రాగానే కార్మికులు, మోదెనా స్థానిక ప్రభుత్వం గట్టిగా పోరాడారు. ఇటలీ ప్రభుత్వ సంస్థ జెపి, అర్జెంటీనాలో పుట్టి మోదెనాలో స్థిరపడిన అలెహాంద్రో దె తొమాసో కలిసి 1975 ఆగస్టులో సంస్థను తీసుకున్నారు. డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది, నడిపింది దె తొమాసో. జూలియో అల్ఫియేరిని ఆయన వెంటనే తొలగించాడు. అల్ఫియేరి తరువాత లాంబోర్గినీలో చేరాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ సంస్థకు మెదడుగా ఉన్న మనిషిని అలా పంపడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

బైటర్బో వెనుక ఉన్న ఆలోచన ఇటలీ పన్ను చట్టంలోంచి పుట్టింది. ఆ రోజుల్లో రెండు లీటర్లు దాటిన ఇంజను ఉన్న కారు మీద 38 శాతం విలువ ఆధారిత పన్ను పడేది, అంతకు తక్కువ ఉంటే అందులో దాదాపు సగమే. కనుక రెండు లీటర్లకు ఒక్క చుక్క తక్కువగా, 1,996 సీసీ వీ6 ఇంజను చేసి, పెద్ద ఇంజను ఇచ్చే శక్తిని, ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బోచార్జర్లతో రాబట్టాలన్నది దె తొమాసో లెక్క. ఒకే పెద్ద టర్బో పెడితే దాని చక్రం బరువు వల్ల అది వేగం అందుకోవడానికి సమయం పడుతుంది, డ్రైవరు కాలు నొక్కిన తరువాత శక్తి ఆలస్యంగా వస్తుంది. అందుకని వీ ఆకారంలోని మూడేసి సిలిండర్ల వరుసకు ఒక్కో చిన్న టర్బో చొప్పున రెండు పెట్టారు. అమ్మకానికి తయారైన కార్లలో జంట టర్బోలతో వచ్చిన మొదటి కారు ఇదే. సిలిండరుకు రెండు ఇన్‌లెట్ వాల్వులు, ఒక ఎగ్జాస్ట్ వాల్వు కలిపి మూడు. శక్తి 180 హార్స్‌పవర్. అప్పటి రెండు లీటర్ల కారుకు అది ఆశ్చర్యకరమైన సంఖ్య. సంస్థ పుట్టినరోజు గల డిసెంబరు నెలలోనే, 1981 డిసెంబరు 14న దీన్ని ఆవిష్కరించారు.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఖరీదు తప్పించుకోవడానికి ఒక వెబర్ కార్బురేటర్‌ను మూసిన పెట్టెలో ఉంచి, టర్బోలు నొక్కి పంపే గాలిని దాని గుండా తోశారు. కార్బురేటర్ స్వభావరీత్యా వాతావరణ పీడనం దగ్గర పనిచేసే పరికరం. పీడనం మారేకొద్దీ దానిలో ఇంధనం, గాలి నిష్పత్తిని సరిగా నిలపడం చాలా కష్టం. టర్బోలు ఎగ్జాస్ట్ వాయువులతో తిరుగుతాయి కనుక ఎర్రగా కాలుతాయి. ఇరుకైన బానెట్ కింద ఆ వేడి అంతా పోగుపడి ఇంధనాన్ని, వైర్లను, రబ్బరు గొట్టాలను దెబ్బతీసేది. ఇంజను ఆపగానే టర్బో బేరింగులకు నూనె ప్రసరణ ఆగిపోవడం వల్ల, అక్కడ మిగిలిన నూనె మాడి గట్టిపడేది. కాసేపు ఇంజనును ఖాళీగా నడిపి ఆపమని కొనుగోలుదారుకు చెప్పినా ఎందరు వింటారు? వీటన్నిటికీ తోడు, తక్కువ ధరకు ఎక్కువ కార్లు చేయాలన్న తొందరలో కూర్పు నాణ్యత దెబ్బతింది. అమెరికాలో వేడి ప్రాంతాల కొనుగోలుదారులు విసిగిపోయారు. 1990ల ఆరంభంలో మసెరాటి ఆ దేశం నుంచే వైదొలగింది.

అయినా ఆ ఇంజనును తీసిపారేయవద్దని మనవి. 1980ల రెండో భాగంలో ఇంజెక్షన్, తరువాత సిలిండరుకు నాలుగు వాల్వులు వచ్చాక అదే మూలరూపం నమ్మకమైన ఇంజనుగా మారింది. 1992లో వచ్చిన కొత్త గిబ్లీలో అదే రెండు లీటర్ల నుంచి 306 హార్స్‌పవర్ రాబట్టారు. 1998లో వచ్చిన 3200 జీటీలోని జంట టర్బోల వీ8 ఇంజను కూడా ఆ వంశానిదే. బైటర్బో రాకముందు ఏడాదికి కొన్ని వందల కార్లు చేసిన కర్మాగారం, అది వచ్చాక వేలల్లో చేసింది. ఆ వేల కార్లే జీతాలు ఇచ్చాయి, కర్మాగారపు తలుపులు తెరిచి ఉంచాయి. పేరును దెబ్బతీసినవీ ఆ వేల కార్లే. మీ ప్రశ్నకు నా జవాబు అదే.

సమాధానం: నీలికొండ

చర్చ డబ్బు చుట్టూ తిరుగుతోంది కనుక ఒక చిన్న చేర్పు. కర్మాగారపు జట్టు రద్దయిన తరువాత కూడా 250ఎఫ్ కార్లు ప్రైవేటు డ్రైవర్ల చేతుల్లో ప్రపంచమంతా తిరిగాయి. 1958 బెల్జియం గ్రాండ్ ప్రీలో మరియా తెరేసా దె ఫిలిప్పిస్ నడిపినది కూడా ఆ కారే. ఫార్ములా వన్ ప్రపంచ పోటీలో పాల్గొన్న మొదటి మహిళ ఆమె. ఆ పందెంలో పదవ స్థానంలో నిలిచారు. అమ్మదగ్గ పందెపు కార్లు చేయడం అన్న పాత సోదరుల పద్ధతి, వారు వెళ్లిపోయిన పదకొండేళ్ల తరువాత కూడా, ఇటువంటి డ్రైవర్లకు దారి తెరిచింది.

సమాధానం: మోదెనా బాట

లెక్కల పుస్తకం గారి సవరణను అంగీకరిస్తున్నాను. అర్జెంటీనా బాకీని ముందు చెప్పి, ఆ తరువాతే కారకాస్‌ను చెప్పడం న్యాయం. ఇక మిగిలిన కథను కూడా పూర్తిచేస్తాను.

1990 ప్రాంతంలో ఫియట్ 49 శాతం వాటా తీసుకుంది. 1993లో దె తొమాసో అనారోగ్యం పాలయ్యాక మిగిలిన వాటాను కూడా కొన్నది. 1997లో ఫియట్ అందులో సగాన్ని ఫెరారీకి అప్పగించింది, 1999కి మొత్తం ఫెరారీ చేతికి వచ్చింది. నలభై ఏళ్లు ఎదురెదురు నిలిచిన ప్రత్యర్థికే పగ్గాలు దక్కడం చూసి చాలామంది చివుక్కుమన్నారు. జరిగింది మాత్రం మేలు. కర్మాగారాన్ని పూర్తిగా కొత్త యంత్రాలతో నింపారు. ఫెరారీ తయారుచేసిన 4.2 లీటర్ల వీ8 ఇంజనుతో 2002లో అమెరికాకు తిరిగి వెళ్లారు. 2003లో పినిన్‌ఫరినా రూపొందించిన క్వాత్రోపోర్తె వచ్చింది. 2004లో ఎంజో అనే ఫెరారీ కారు ఆధారంగా తయారైన ఎంసీ12, కర్మాగారాన్ని దాదాపు యాభై ఏళ్ల తరువాత మళ్లీ పెద్ద పందేల్లోకి తెచ్చి బిరుదులు గెలిచింది.

2005లో సంస్థ మళ్లీ నేరుగా ఫియట్ కిందికి వెళ్లింది. ఆ తరువాత దారి మారింది. 2012లో సుమారు ఆరు వేల కార్లు అమ్మిన సంస్థ, ట్యూరిన్ దగ్గర తయారైన చిన్న సెడాన్‌తో, 2016లో వచ్చిన లెవాంతె ఎస్‌యూవీతో 2017లో యాభై వేలు దాటింది. అది నిలవలేదు. 2021లో ఫియట్, ప్యూజో బృందాలు కలిసి స్టెలాంటిస్ ఏర్పడి మసెరాటి అందులో భాగమైంది. 2024 అమ్మకాలు పదకొండు వేల పైచిలుకు మాత్రమే. బైటర్బో కాలంలో జరిగినదే ఇక్కడా జరిగిందని నేను భావిస్తున్నాను: తక్కువ కార్లు చేసే చోట ఎక్కువ చేయమన్నారు, చేశారు, అప్పుడు కొనేవారికి ఆ పేరు పట్ల ఉన్న ప్రత్యేక భావన పలచబడింది. 2020లో మోదెనాలోనే రూపొంది, అక్కడే తయారైన ఎంసీ20, దానిలోని 630 హార్స్‌పవర్ నెత్తూనో ఇంజను చూస్తే పని చేతనైనవారు ఇంకా అక్కడ ఉన్నారని స్పష్టమవుతుంది.

ఈ చరిత్రను కళ్లారా చూడాలనుకునేవారికి ఒక మాట. దె తొమాసో కాలం నుంచి మిగిలిన సంస్థ పాత కార్ల సేకరణ 1996లో లండన్‌లో వేలానికి వెళ్లబోయింది. ఫుట్‌బాల్ బొమ్మల స్టిక్కర్లతో పేరుపొందిన పానినీ కుటుంబం ఆ కార్లను కొని మోదెనాకు తిరిగి తెచ్చింది. మోదెనా పొలిమేరలో వారి పాడిపశువుల క్షేత్రంలో, జున్ను తయారయ్యే చోటికి పక్కనే, ఆ కార్లు ఉన్నాయి. అక్కడ 1958 నాటి ఎల్డొరాడో అనే ఒంటి సీటు కారు ముందు కాసేపు నిలబడండి. జట్టును రద్దుచేసుకుని డబ్బుకు కటకటలాడుతున్న సమయంలో ఒక ఐస్‌క్రీమ్ సంస్థ పెట్టుబడితో, ఆ సంస్థ రంగులు, పేరు వేసుకుని మోంజా 500 మైళ్ల పందెంలో పరుగెత్తిన కారు అది. మాస్ నడుపుతుండగా మంచి వేగంలో స్టీరింగ్ విరిగింది, ఆయన క్షేమంగా బయటపడ్డాడు. కార్లతో సంబంధంలేని వ్యాపార సంస్థ ప్రకటనలతో యూరప్‌లో పందెపు కారు నడపడం అప్పటికి దాదాపు కనీవినీ ఎరుగనిది. పదేళ్ల తరువాత ఫార్ములా వన్ అంతా అదే దారి పట్టింది.